ఆరో పద్దు

ఆ ఎండాకాలం మా ఇంట్లో గొడవంతా ఒక ఫౌంటెన్ గురించి. ఫౌంటెన్ అప్పటికి రాలేదు, ఇప్పటికీ రాలేదు.

మార్చిలో ఒక ఆదివారం మామయ్య కంచం ముందు కూర్చుని, ఫోన్‌లో వచ్చిన కబురు చదివి వినిపించాడు. మా ఇంటి వెనక పార్కు బాగుచేయడానికి వార్డు ఆఫీసు పన్నెండు లక్షలు పక్కన పెట్టింది. ఏమేం పనులు కావాలో గల్లీవాళ్లే కూర్చుని తేల్చుకుని, ఏ పనికి ఎంత ఖర్చో రాసి, మే నెల దాటకుండా ఇవ్వాలి. ఇవ్వకపోతే డబ్బు ఇంకో వార్డుకు పోతుంది.

పార్కు కమిటీ ప్రెసిడెంటు బిచ్చయ్య అంటే మా మామయ్యే. ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాడు. బస్టాండులో ఉద్యోగమంతా మైకు పట్టుకుని గడిపిన మనిషి కాబట్టి, ఇంట్లో చారు అడిగినా ప్లాట్‌ఫారం నంబరు చెప్పినట్టే ఉంటుంది.

“ఫౌంటెన్ పెడుదాం,” అన్నాడు.

“ముందుగాల బువ్వ తిను,” అంది అత్తమ్మ.

“రంగులు మారుతయే. నాంపల్లి ఫంక్షన్ హాల్ల చూసిన గద. ఎర్రగ, పచ్చగ, నీలంగ. నీళ్లు పైకి లేసి గొడుగు లెక్క విచ్చుకుంటయి.”

“నల్లా రోజిడిసి రోజు వస్తుంది. గొడుగు లెక్క విచ్చుకునే నీళ్లు యాడికెళ్లి తెస్తవు?”

“గిందుకే నిన్ను కమిటీల పెట్టలే,” అన్నాడు మామయ్య.

మాది గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకు వెనక సందు. పార్కుకూ మా ఇంటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. మా వంటింటి కిటికీ తెరిస్తే పార్కు మూల కనిపిస్తుంది. కానీ పార్కు గేటు అవతలి రోడ్డు మీద ఉంది. మా గుమ్మం దిగి, సందు చివరిదాకా పోయి, బ్యాంకు చుట్టూ తిరిగి, ఆటోల మధ్య దారి చేసుకుంటే గేటు వస్తుంది. గోడ దూకగలిగితే అర నిమిషం. నడిస్తే పది నిమిషాలు.

ఆ గోడ మూలకు ఇంకో చరిత్ర ఉంది. పార్కుకు వచ్చే మగవాళ్లు, ఆటోవాళ్లు, బ్యాంకులో చలాన్ కట్టడానికి వచ్చి క్యూ కదలనివాళ్లు అందరూ అవసరం తీర్చుకునేది అక్కడే. మామయ్య రెండేళ్ల కింద కోఠి నుంచి దేవుళ్ల బొమ్మలున్న టైల్స్ తెచ్చి పార్కు వైపు అతికించాడు. అన్ని మతాలవీ తెచ్చాడు, ఎవరికీ మినహాయింపు లేకుండా. బొమ్మలున్నంత మేర గోడ పొడిగా ఉండేది. చివరి బొమ్మ దాటాక జానెడు పక్కన ఎప్పటిలాగే ఉండేది.

నేను అబిడ్స్‌లో ఒక చీరల దుకాణంలో లెక్కలు చూస్తాను. ఇంట్లో కంప్యూటర్ మీద టైపు చేసేది నేనొక్కదాన్నే. కమిటీ కాగితం తయారు చేసే పని అలా నా మీద పడింది. మా ఆయన పరశురాం మొదటిరోజే చెప్పేశాడు.

“మీ మామాకోడళ్లు ఏమన్న చేసుకోన్రి. నన్ను లాగకు.”

*

ఏప్రిల్‌లో అత్తమ్మను నాంపల్లి దవాఖానకు తీసుకెళ్లాను. షుగర్ తగ్గకపోగా పెరిగింది. డాక్టరమ్మ కాగితం చూసి అడిగింది.

“పొద్దున నడుస్తున్నరా?”

“ఔ.”

“నీళ్లు మంచిగ తాగుతున్నరా? ఎండలు ముదిరినయి.”

“ఔ. సీస తీస్కపోతున్న గద.”

సీసా మాట నిజమే. రోజూ పొద్దున నింపుకుని పోయేది, ఖాళీ సీసాతో తిరిగొచ్చేది. అంత నీళ్లు తాగే మనిషికి పెదాలు ఎందుకు పగులుతున్నాయో నాకు అర్థం కాలేదు. మర్నాడు నేనూ వెంట నడిచాను.

పార్కు పెద్దది కాదు. రెండు వేపచెట్లు, ఒక ఇనుప జారుడుబండ, చుట్టూ పగిలిన బండలు పరిచిన బాట, బాట పక్కన క్రోటన్ మొక్కలు. ఆ ఎండకు క్రోటన్లు అన్నీ ఆకులు రాల్చి పుల్లలై ఉన్నాయి. బెంచీ పక్కన ఉన్నది ఒక్కటి మాత్రం నడుమెత్తు పెరిగింది. మామయ్య దాన్ని వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. ఊరి నుంచి పెంట ఎరువు తెప్పించి తనే వేశానని, చెయ్యి మంచిదైతే మొక్క ఊరుకోదని చెప్పేవాడు.

రెండో చుట్టు తిరిగాక అత్తమ్మ ఆ మొక్క దగ్గర ఆగింది. సీసా మూత తీసింది. అటూ ఇటూ చూసి నీళ్లన్నీ మొక్క మొదట్లో పోసి మూత పెట్టింది.

“ఏంది అత్తమ్మా ఇది?”

“ఎండుతుంది బిడ్డా, పాపం.”

“మీరు తాగలే.”

“అది తాగింది గద.”

బెంచీ మీద విద్యావతి గారు కూర్చుని ఉన్నారు. మా ఎదురింటావిడ, అత్తమ్మకు నడకలో జత. కమిటీ సెక్రటరీ వామన్‌రావు గారి భార్య. ఆవిడ చెప్పు మడమ సర్దుకుంటూ అన్నారు.

“చెప్పండి వీరమ్మా, కోడలేగా.”

అత్తమ్మ నా వైపు చూడలేదు. సీసా మూతను బిగిస్తూ మాట్లాడింది.

“గోలీలేసుకున్నంక ఆగదు బిడ్డా. నీళ్లు తాగితే రెండు చుట్లకే ఇంటికి ఉరకాలె. గేటు దాటి, గా బ్యాంకు తిరిగొచ్చేటాళ్లకు... ఒకపారి తొవ్వలనే అయిపోయింది. గప్పటిసంది తాగుడు బంద్ వెట్టిన.”

“నేనైతే కాఫీ కూడా మానేశాను, నడక అయ్యేదాకా,” అన్నారు విద్యావతి గారు. “మగవాళ్లకేం, గోడుంది.”

“మామయ్యకు చెబుదాం అత్తమ్మా.”

“నీకు దండం వెడ్త, చెప్పకు. గాయనకు చెప్పుడంటే మైకుల చెప్పుడే.”

చెప్పనని మాటిచ్చాను. ఆ రాత్రి కమిటీ కాగితంలో ఐదు పద్దులు టైపు చేశాక ఆరోది నేను చేర్చాను. ఫౌంటెన్, నడక బాట, దీపాలు, జారుడుబండ మరమ్మతు, బెంచీలు, స్త్రీలకు టాయిలెట్.

మామయ్య కాగితం తీసుకుని హాల్లో నిలబడి చదివాడు. ఐదు పద్దులూ కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల అన్నట్టు వరసగా చదివాడు. ఆరోదాని దగ్గర బస్సు ఆగింది.

“గిదెవరు చెప్పిన్రు?”

“ఆడవాళ్లు మామయ్యా.”

“ఏ ఆడోళ్లు?”

వంటింట్లో గిన్నెల చప్పుడు హెచ్చింది.

“ఇండ్లన్ని పక్కపొంటే ఉన్నయి. జర ఓపిక వడితే అయిపాయె. పార్కుకు వచ్చేది గాలి కోసం,” అన్నాడు.

“మీటింగ్‌ల పెట్టకుండ ఏ పద్దూ కొట్టెయ్యొద్దని మీరే రూల్ పెట్టిన్రు.”

అది నిజం. వెనకటి ప్రెసిడెంటు మామయ్య పద్దును అలాగే కొట్టేస్తే, గొడవపడి ఆ రూలు పెట్టించింది ఆయనే. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

*

మే మొదట్లో వార్డు ఆఫీసు నుంచి ఇంజినీరు సుశాంత్ స్థలం చూడటానికి వచ్చాడు. మామయ్య ఫౌంటెన్‌కు పార్కు నడుమ సున్నంతో గుండ్రంగా ముగ్గు వేయించి ఉంచాడు. ఇంజినీరు ముగ్గు చూసి బాగుందన్నాడు. తర్వాత కాగితం చూశాడు.

“సార్, మిగతా నాలుగు పనులకు ఏడు లక్షలు పోతాయి. ఉండేది ఐదు. ఫౌంటెన్‌కు ఐదవుతుంది. టాయిలెట్‌కూ ఐదే, అదీ డ్రైనేజీ పక్కన కడితేనే. ఏదో ఒకటే వస్తుంది.”

“డ్రైనేజీ ఎక్కడుంది?” అన్నారు వామన్‌రావు గారు.

ఇంజినీరు మా వంటింటి గోడ మూలను చూపించాడు. దేవుళ్ల బొమ్మల కింద మ్యాన్‌హోల్ మూత కనిపిస్తోంది. ఇంకెక్కడ కట్టినా పార్కంతా తవ్వి గొట్టం వేయాలని, ఖర్చు రెండింతలు దాటుతుందని చెప్పాడు.

వామన్‌రావు గారు స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు వాస్తు చెబుతారు. డబ్బు తీసుకోరు. ఇల్లు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, కొనలేక ఉన్నదాన్ని సర్దుకునేవాళ్లు గల్లీలో అందరూ ఆయన్నే అడుగుతారు. ఆయన ఫోన్ తీసి దిక్సూచి పెట్టారు.

“ఈశాన్యం,” అన్నారు. ఆస్పత్రిలో రిపోర్టు చూసి చెప్పినట్టు చెప్పారు.

మామయ్య కూడా ఫోన్ తీశాడు. “నాకు నైరుతి చూపెడ్తుంది రావు సాబ్.”

ఇద్దరూ ఫోన్లు అరచేతుల్లో పెట్టుకుని, హారతి పళ్లేలు పట్టుకున్నట్టు మెల్లగా తిరిగారు. వామన్‌రావు గారికి ఉత్తరం బ్యాంకు వైపు వచ్చింది. మామయ్యకు అది వేపచెట్టు వైపు వచ్చింది. కాసేపటికి వామన్‌రావు గారికీ వేపచెట్టు వైపు వచ్చింది, మామయ్యకు ఆకాశం వైపు పోయింది. ఇంజినీరు తన ఫోన్ తీస్తే మూడో ఉత్తరం వచ్చింది.

“సార్, జారుడుబండ ఇనుపది. జర దూరం జరుగుదాం,” అన్నాడు.

జరిగాక మూడు ఫోన్లూ ఒకే మాట చెప్పాయి. మ్యాన్‌హోల్ ఉన్నది ఈశాన్యమే.

“ఈశాన్యంలో మరుగుదొడ్డి కట్టినవాడు బాగుపడ్డట్టు నేను వినలేదు,” అన్నారు వామన్‌రావు గారు.

మామయ్య ముఖంలో రంగులు మారాయి, ఫౌంటెన్‌కు మారినట్టే. ఇంటికొచ్చి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. అత్తమ్మ పెట్టింది. మర్నాడు పొద్దున ఆమె నడకకు పోలేదు. ఆ మర్నాడూ పోలేదు. మోకాలు నొప్పి అంది.

“బద్దకం,” అన్నాడు మామయ్య. “పక్కనే పార్కు వెట్టుకుని నడువదు. రేపు ఫౌంటెన్ వస్తే నేనే గుంజుకపోత.”

అప్పటిదాకా మొక్కకైనా నీళ్లు దొరికేవి. ఇప్పుడు మొక్కకూ లేవు, మనిషికి నడకా లేదు. నేను పొద్దున పనికి పోతూ గేటు వైపు నుంచి తిరిగి, నా టిఫిన్ సంచిలోని సీసాతో క్రోటన్‌కు నీళ్లు పోసి వచ్చేదాన్ని. ఎందుకు పోశానంటే చెప్పలేను. అది ఎండితే అత్తమ్మ ఇక పార్కుకు రాదని ఏదో పట్టుకుంది నాకు.

*

మీటింగ్ మే ఆఖరి ఆదివారం పెట్టారు. టెంట్ హౌస్ నుంచి కుర్చీలు తెచ్చి వేపచెట్టు నీడన వేశారు. మగవాళ్లు ముందు వరసల్లో, ఆడవాళ్లు వెనక వరసల్లో కూర్చున్నారు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. అత్తమ్మ విద్యావతి గారి పక్కన కొంగు నిండుగా కప్పుకుని కూర్చుంది. నేను ముందు స్టూలు మీద రాయడానికి కూర్చున్నాను. ఇంజినీరు సుశాంత్ కూడా వచ్చాడు.

బాట, దీపాలు, జారుడుబండ, బెంచీలు టీ రాకముందే అయిపోయాయి. ఐదు లక్షలు మిగిలాయి. మామయ్య గొంతు సవరించుకున్నాడు.

“మిగిలినయి రెండు. ఫౌంటెన్ ఒకటి. ఇంకోటి... మా కోడలు రజని రాసింది. అదిగూడ మంచిదే. కాని స్థలం ఈశాన్యంల వడ్డది. రావు సాబ్ చెప్తడు.”

వామన్‌రావు గారు లేచారు. ఈశాన్యమంటే దేవుడి మూల అని, ఏ స్థలానికైనా మంచి అంతా ఆ మూల నుంచే లోపలికి వస్తుందని, అక్కడ మైల పడితే ఇక ఎక్కణ్నుంచీ రాదని వివరంగా చెప్పారు. ముందు వరసలవాళ్లు తలలూపారు.

“ఇల్లు పక్కనే గద అందరికి,” అన్నాడు మామయ్య. “జర ఓపిక వడితే అయిపోతది.”

వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. పెద్దగా లేదు.

“రావు సారూ, ఒక మాట.”

అత్తమ్మ లేవలేదు. కూర్చునే అడిగింది.

“మంచంత గా మూలకెళ్లే వస్తదంటిరి.”

“అవునమ్మా.”

“మరి మగోళ్లందరు రోజు పోయేది గా మూలకే గద. గిన్నేండ్ల సంది దేవుడు ఎట్ల వస్తున్నడో పాపం, తడవకుంట.”

ముందు వరసలో ఒకాయన చెప్పులు చూసుకున్నాడు. ఇంకొకాయన టీ ఇంకా రాలేదేమిటని గేటు వైపు చూశాడు. గోడ వైపు మాత్రం ఎవరూ చూడలేదు.

“అట్ల ఎవరు పోతరు?” అన్నాడు మామయ్య.

“ఎవరు పోకుంటే నువ్వు గా బొమ్మలెందుకు అతికిచ్చినవు?”

వామన్‌రావు గారు కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. ఆయన వెనక్కి ఒకసారి చూశారు. విద్యావతి గారు ఆయన్నే చూస్తున్నారు.

“శాస్త్రంలో ఇంకొకటి కూడా ఉంది,” అన్నారాయన మెల్లగా. “వాస్తు దోషం ఎప్పుడైనా యజమానికే తగులుతుంది. ఉండేవాడికి కాదు, వచ్చిపోయేవాడికి అసలే కాదు. పార్కుకు యజమాని ఎవరు?”

“బల్దియా,” అన్నారు నలుగురైదుగురు.

“అంతే మరి.”

“తగిలితే బల్దియాకే తగుల్తదా?” అన్నాడు చెప్పులు చూసుకున్నాయన.

“బల్దియాకే.”

“అయితే మంచిదే గద.”

కుర్చీలు కదిలాయి, నవ్వులు లేచాయి. ఇంజినీరు సుశాంత్ మున్సిపాలిటీ మనిషి కాబట్టి ఫైలు చూసుకున్నాడు. తలుపూ నీళ్లూ ఉన్న గది వస్తే ఇప్పుడున్న మైల కూడా తగ్గుతుందని, ఒక లెక్కన అది దోష పరిహారమేనని వామన్‌రావు గారు చేర్చారు.

మామయ్య నవ్వలేదు. ముగ్గు వేయించిన చోటు వైపు చూస్తున్నాడు.

“వాస్తు పోనియ్యిన్రి. ఉన్నది ఐదు లచ్చలు. ఫౌంటెన్ అంటే పార్కుకు ఒక పేరు. నిజాం కాలంల పబ్లిక్ గార్డెన్ కట్టిన్రు, ఇప్పటికి చెప్పుకుంటున్నరు. గది అంటే ఏం చెప్పుకుంటరు? దాని కోసం ఇంటికి పోయేటోళ్లు ఎందరున్నరు?”

అప్పుడు విద్యావతి గారు లేచి నిలబడ్డారు.

“బిచ్చయ్య గారూ, మీ క్రోటన్ ఎందుకంత బాగా పెరిగిందో తెలుసా?”

“ఎరువు. ఊరికెళ్లి తెప్పిచ్చిన.”

“ఎరువు అన్నిటికీ వేశారుగా. మీ ఇంటావిడ ఈ పార్కులో గుక్కెడు నీళ్లు తాగి ఎన్నాళ్లయిందో ఆ మొక్కను అడగండి. సీసా రోజూ దానికే పోసేది. తాగితే బ్యాంకు చుట్టూ తిరిగి ఇల్లు చేరేదాకా ఆగదని.”

అత్తమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. “చెప్పొద్దంటి గద విద్యావతమ్మా,” అంది లోపలి నుంచి.

మామయ్య కుర్చీల మధ్య నుంచి నడిచి క్రోటన్ దగ్గరికి పోయాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగాడు. మొదట్లో మట్టిని వేలితో నొక్కి చూశాడు. తడిగానే ఉంది, పొద్దున నేను పోసిందే. పక్కనున్న పుల్లల మొదళ్లు కూడా నొక్కి చూశాడు. టీ వచ్చింది. ఎవరూ తీసుకోలేదు.

తిరిగొచ్చి, వేలికున్న మట్టి పంచెకు తుడుచుకున్నాడు.

“వంటింటి పక్కకే వస్తది,” అన్నాడు నాతో. మైకులో గొంతు కాదది. “నీకేమన్న ఇబ్బందా?”

“ఇప్పుడొచ్చే వాసన కంటే తక్కువే వస్తది మామయ్యా.”

“రాయి మల్ల. ఒకటోది కొట్టెయ్యి.”

ఇంటికి పోయేటప్పుడు ఆయన, అత్తమ్మ ముందు నడిచారు. బ్యాంకు మలుపు దగ్గర మామయ్య ఆగి, వెనక్కి గేటు వైపు చూసి, ముందుకు మా సందు వైపు చూశాడు. రోజూ నడిచే దారే.

“శాన దూరమే ఉంది,” అన్నాడు.



*

గదిని కట్టలేదు. తయారుగా ఉన్నదాన్ని లారీలో తెచ్చి జూన్ చివర్లో క్రేన్‌తో దించారు. ప్రారంభం చేయమని అడిగితే పెద్దలెవరికీ ఆ రోజు తీరిక దొరకలేదు. శిలాఫలకం మీద పేర్లు వేసుకోవడానికి తీరిక దొరికింది. అది గది మీద కాకుండా గేటు దగ్గర, కొత్త దీపాల కింద పెట్టించుకున్నారు.

“గల్లీల పెద్దామె వీరమ్మనే. రిబ్బన్ నువ్వు కత్తిరియ్యి,” అన్నాడు మామయ్య.

“రిబ్బన్ కట్టి ఊకుంటే సరిపాయె, ఇంక ఎవరన్న లోపటికి వోతరా?” అంది అత్తమ్మ. రిబ్బన్ కట్టలేదు.

గోడ మీది దేవుళ్లను అక్కడ ఉంచకూడదన్నారు వామన్‌రావు గారు. మామయ్య టైల్స్ ఊడదీశాడు. వచ్చిన గది ఆడవాళ్లకే, మగవాళ్లకు ఇంకోటి తేవడానికి డబ్బు చాలలేదు. మగవాళ్లు ఆ మూల వదిలి గేటు పక్కన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి మారారు. మామయ్య వారం చూసి, దేవుళ్లను కూడా అక్కడికే మార్చాడు.

వానలు ఆ ఏడు ఆలస్యం అయ్యాయి. అత్తమ్మ మళ్లీ నడకకు పోవడం మొదలుపెట్టింది. జూలైలో ఒక పొద్దున నేను వంటింట్లో దోసెలు పోస్తూ కిటికీ తెరిచాను. కొత్త గది పక్కనుంచి కనిపించే క్రోటన్ ఆకులు వాలిపోయి ఉన్నాయి. మామయ్య గదితో పాటు వచ్చిన నల్లాకు పైపు తగిలించి దాని ముందు నిలబడ్డాడు. నీళ్లు ధారగా పడి మట్టి లేచిపోతోందని, పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టాడు. నీళ్లు పైకి లేచి, విచ్చుకుని, ఎండలో పడ్డాయి.

అత్తమ్మ బాట మీద వచ్చి ఆగింది. సీసా మూత తీసి, తల ఎత్తి, చివరి చుక్కదాకా తాగింది.

“ఇగ వచ్చింది గద నీ ఫౌంటెన్,” అంది.

“రంగులు మారుతలెవ్వే,” అన్నాడు మామయ్య.

ఆమె ఖాళీ సీసా ఆయన చేతికిచ్చి, తొందరేమీ లేకుండా మా గోడ మూలకు నడిచింది.